మైకు ముందు మూడు నిమిషాలు

పోయిన శనివారం ఆయన్ని సమాధి చేసి ఇంటికి వస్తుంటే డౌన్‌టౌన్‌లో మళ్ళీ దారి మూసేసి ఉంది. రోడ్డుకి అడ్డంగా నారింజ రంగు డ్రమ్ములు పెట్టి, బాణాలు చూపించి, నన్ను వీధి వీధీ తిప్పి, చివరికి మొదలుపెట్టిన సిగ్నల్ దగ్గరికే తెచ్చి వదిలారు. తలెత్తితే ఇంకో కొత్త క్రేన్. ఆయన పక్క సీట్లో ఉండి ఉంటే అద్దం దించి, మెడ బయటపెట్టి, దాని కొస కనిపించేదాకా చూసి, "చూశావామ్మా, ఎంత ఎత్తుకి పోయిందో" అనేవారు, పక్కింటి పిల్లాడు క్లాసులో ఫస్టు వచ్చినంత సంబరంగా. నాకైతే ప్రాణం ఉసూరుమంది. ఈ ఊరు కట్టడం ఎప్పటికి అవుతుందో, మేం తిన్నగా ఇంటికెళ్ళే రోజు ఎప్పుడొస్తుందో తెలియదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా చర్చిలో సగం మందికి అది ఆయన పేరని తెలియదు. పిల్లలు ఆయన్ని థాంక్యూ అంకుల్ అనేవారు. పెద్దవాళ్ళం మొదట్లో వాళ్ళని కోప్పడ్డాం. తర్వాత ఆయన లేనప్పుడు మేమూ అలాగే అనడం మొదలుపెట్టాం.

థాంక్స్ చెప్పడం ఆయనకి అలవాటు అనాలో, జబ్బు అనాలో ఇప్పటికీ తేల్చుకోలేను. బస్సు దిగుతూ డ్రైవర్‌కి చెప్పేవారు, సరే, అది ఇక్కడ అందరూ చెప్తారు. రోడ్డు దాటేటప్పుడు ఆగిన ప్రతి కారుకీ చెయ్యెత్తేవారు, ఆ కారు ఎర్ర లైటు పడి ఆగినా సరే. ఫోన్లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే రికార్డింగ్ గొంతుకి కూడా థాంక్యూ మేడమ్ అనేవారు. ఒకసారి ఉండబట్టలేక, "అది మెషీన్ అంకుల్" అన్నాను. "తెలుసమ్మా. కానీ పాపం, ఎంత ఓపిగ్గా చెప్పింది" అన్నారు.

ఇక ఆయన ప్రార్థనకి లేచారంటే పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకునేవారు. సోమవారం నుంచి మొదలుపెట్టేవారు. సోమవారం చల్లటి వాన ఇచ్చినందుకు వందనాలు, మంగళవారం గాలివానకి కరెంటు పోకుండా కాపాడినందుకు వందనాలు, అలా రోజు తర్వాత రోజు నడుచుకుంటూ ఆదివారానికి వచ్చి, ఇంతమందిని హైవే మీద క్షేమంగా తెచ్చినందుకు వందనాలు చెప్పి ఆమెన్ అనేవారు. ఫలానాది కావాలి ప్రభువా అని ఆయన అడగగా నేనెప్పుడూ వినలేదు. వీసా ఇంటర్వ్యూ ఉన్నవాళ్ళు, ఆపరేషన్ ఉన్నవాళ్ళు తమ సంగతి ఆయన చేతిలో పెట్టకుండా తిన్నగా అయ్యగారి దగ్గరికి, అంటే మా పాస్టర్‌గారి దగ్గరికి వెళ్ళేవారు. అడిగేవాళ్ళు కావాలి కదా మరి.

ఆయన గురించి నాకు తెలిసిన వివరాలు తక్కువే. నరసాపురం వైపు మనిషి. ఈ సిటీవాళ్ళ నీళ్ళు పరీక్షించే లాబ్‌లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయారు, పిల్లల్లేరు. గ్లకోమా వల్ల చూపు తగ్గి, నేనెరిగే నాటికే డ్రైవింగ్ మానేశారు. డౌన్‌టౌన్‌ని ఆనుకుని ఉన్న ఒక పాత వీధిలో చిన్న చెక్క ఇల్లు ఆయనది. మిగతా తెలుగువాళ్ళందరం ఊరి బయట కొత్త కాలనీల్లో, పగలు కూడా నంబరు చూసుకుంటే తప్ప ఏది మనదో తెలియని ఇళ్ళల్లో ఉంటాం. సిటీ హద్దుల్లోపల ఇల్లున్నది మా అందరిలో ఆయనొక్కరికే.

మా ఊరి సంగతి కూడా కాస్త చెప్పాలి. అట్లాంటా నుంచి వచ్చిన చుట్టాలు ఇక్కడ చూడ్డానికేముంది అంటారు. పెద్ద ఊరని చెప్పుకోవడానికి చాలదు, చిన్న ఊరని ఊరుకోవడానికీ లేదు. నేను వచ్చిన కొత్తలో డౌన్‌టౌన్ అంటే కోర్టు, బ్యాంకు, విగ్గులమ్మే షాపు. ఆఫీసులు వదలగానే తలుపులేసుకునేది. ఇప్పుడు మూతబడిన నూలు మిల్లులో లాఫ్టులని పేరుపెట్టిన ఖరీదైన ఫ్లాట్లు, ఏటి ఒడ్డున నడకదారి, కుక్కలకి స్నానం చేయించడానికి ప్రత్యేకంగా ఒక షాపు. పాత ఇటుక గోడ కనబడితే చాలు, దానికి బల్బుల దండ కట్టి కాఫీ అమ్ముతున్నారు.

ఇదంతా చూసి ఆయన పొంగిపోయేవారు. రోజూ పొద్దున్నే జిప్‌లాక్ కవర్లో జంతికలు వేసుకుని బయల్దేరేవారు. కట్టే చోటల్లా కంచెకి ఆకుపచ్చ గుడ్డ కడతారు కదా, దాని కంతకి కన్నానించి పునాదులు ఎంతవరకూ వచ్చాయో చూసేవారు. భోజనం వేళకి బయటికొచ్చిన పనివాళ్ళకి జంతికలు పంచేవారు. వాళ్ళు మెక్సికోవాళ్ళు, గ్వాటెమాలావాళ్ళు. కారం ఎవరికి చేదు. ఆదివారం మాకు ఆ వార్తలన్నీ చెప్పేవారు, ఫలానా మూల స్లాబు వేశారనీ, ఫలానా దానికి అద్దాలు బిగిస్తున్నారనీ.

నాకు చిర్రెత్తుకొచ్చేది. "పార్కింగ్ దొరకట్లేదంకుల్. ఫ్రీగా పెట్టుకునే చోటల్లా మీటర్ పెట్టేశారు. చంటిపిల్లలతో అంత దూరం నడిచి రావాల్సొస్తోంది" అంటే, "జనం వస్తున్నారు కాబట్టే కదమ్మా మీటర్లు" అనేవారు. "నేనొచ్చిన కొత్తలో ఆదివారం ఈ వీధిలో హలో చెప్పడానికి మనిషి దొరికేవాడు కాదు. ఇప్పుడు చూడు." ఆయన్ని ఒప్పించడం నా వల్ల అయ్యేది కాదు. నేను కూడా పెద్దగా ప్రయత్నించేదాన్ని కాదు, అప్పటికే పార్కింగ్ వెతుక్కుని అలిసిపోయి ఉండేదాన్ని.

ఆ వీధిలోనే ఎర్ర ఇటుకల పాత చర్చి ఒకటి ఉండేది. తెల్లవాళ్ళది. పొద్దున ముందు గుళ్ళో వాళ్ళ ఆరాధన, మధ్యాహ్నం వెనక హాల్లో మా తెలుగు ఆరాధన. వాళ్ళకా హాలుతో అవసరం తీరిపోయింది, మాకు వేరే చోటు లేదు. తాళంచెవి ఆయన దగ్గర ఉండేది. నడిచి వచ్చి, తలుపు తీసి, చలికాలమైతే హీటర్ వేసి, కుర్చీలు వరసగా సర్ది ఉంచేవారు. మేం కార్లేసుకుని తీరిగ్గా, ఆలస్యంగా దిగేవాళ్ళం.

మా వైపు చర్చిలోకి చెప్పులతో వెళ్ళరు. ఇక్కడా అంతే, వరండాలో విడిచి లోపలికెళ్ళేవాళ్ళం. పాటలు మొదలయ్యాక ఆయన మెల్లగా బయటికి నడిచేవారు. పడేసినవి పడేసినట్టున్న బూట్లూ చెప్పులూ జతలు కలిపి, మొనలు వీధివైపు తిప్పి, వరసల్లో పెట్టేవారు. తిరిగి వెళ్ళేటప్పుడు కాలు దూరిస్తే చాలు. పిల్లలవి ముందు వరస. ఆ పాత చర్చి ముసలావిడ ఒకామె ప్రతి వారం ఈ తంతు చూస్తూ ఉండేది. ఒకరోజు మేం సమోసాలకి పిలిస్తే లోపలికి రాబోతూ ఆగి, గోడ పట్టుకుని, ఆయాసపడుతూ తన బూట్లు కూడా విప్పింది. ఆయన వాటిని రెండు చేతులతో తీసుకెళ్ళి పిల్లల బూట్ల పక్కన పెట్టి, ఆమెకి థాంక్యూ చెప్పారు. ఆమె కూడా చెప్పింది. ఆ పూట ఇద్దరూ ఒకరికొకరు అలా చెప్పుకుంటూనే ఉన్నారు, సమోసాలు చల్లారిపోయాయి.

ఆ ముసలివాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. చర్చి పైకప్పు కారడం మొదలైంది. అమ్మేశారు. వాళ్ళని తప్పుపట్టడానికేమీ లేదు. కొన్నవాళ్ళు అక్కడ ఆరంతస్తుల అపార్ట్‌మెంట్లు కడతామన్నారు. దానికి సిటీ కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు అందరి ఎదుట విచారణ జరుగుతుంది, ఎవరైనా వచ్చి మైకు దగ్గర తమ మాట చెప్పొచ్చు, మనిషికి మూడు నిమిషాలు. ఆ కౌన్సిల్‌లో మా హాలున్న వార్డు తరఫు సభ్యురాలు ఒకామె ఉండేది. ఆమే అయ్యగారికి ఫోన్ చేసి దారి చెప్పింది. కింది అంతస్తులో ఎలాగూ ఒక హాలు కడతారు, శని ఆదివారాలు దాన్ని మీలాంటి సంఘాలకి ఇవ్వాలని షరతు పెట్టొచ్చు, కానీ మీరు వచ్చి నోరు తెరిచి అడగాలి, ఎవరూ అడగనిదాన్ని నేను షరతుగా పెట్టలేను, ఎంతమంది మాట్లాడితే అంత మంచిది అంది.

ఆ హాలు పోతే మాకు పోయేదేమీ లేదు. కార్లున్నవాళ్ళం, ఎక్కడికైనా వెళ్తాం. ఊరి బయట ఖాళీ చోట్లు ఉన్నాయి, అక్కడ పార్కింగ్ కూడా దండిగా ఉంది. ఆయన మాత్రం ఎటూ వెళ్ళలేరు. ఆదివారాలు మా వైపు బస్సు రాదు. వారమంతా ఒంటరిగా ఉండే మనిషికి తెలుగు వినబడేది ఆ ఒక్క పూట. ఇది మా అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. ఆయన అసలే అనలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరు మాట్లాడాలన్న మాట వచ్చింది. బ్యాంకులో పనిచేసే ఒక తెలంగాణ తమ్ముడు, "నేను మాట్లాడ్త అయ్యగారూ. పాయింట్స్ అన్నీ ప్రిపేర్ చేసుకున్న" అన్నాడు.

"పెద్దాయన ఉండగా మనమేంటి తమ్ముడూ" అన్నారు అయ్యగారు.

అందరం తలలూపాం. సిటీలో ఓటున్నది ఆయనకి, సిటీలో ఉద్యోగం చేసింది ఆయన, వయసులో పెద్ద ఆయన. ఇంకెవరైనా మాట్లాడితే బాగుండదు. మాలో పెద్దవాళ్ళు ఒక మాట చెప్పి కూర్చున్నాక చిన్నవాళ్ళు లేచి అదే విషయం ఎత్తుకుంటే, ఆయనకి చేతకాలేదని పదిమందిలో చాటినట్టే. కాబట్టి ఆయన మాట్లాడతారు, మేం వెనక కూర్చుంటాం అని తీర్మానం అయింది. ఆయన అందరికీ థాంక్స్ చెప్పారు.

విచారణ సాయంత్రం. ఆడవాళ్ళం కోట్ల కింద చీరలు కట్టుకుని, మగవాళ్ళు ఆఫీసుల నుంచి అటే వచ్చి, నాలుగు వరసలు నిండాం. ఆయన సూటు వేసుకుని, జేబులో తెల్ల రుమాలు పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. ముందు బిల్డర్ తరఫు లాయరు మాట్లాడాడు, తెరమీద బొమ్మలు చూపించాడు. బొమ్మల్లో బాల్కనీల నిండా పూలు, కింద కుక్కతో నడుస్తున్న అమ్మాయి. తర్వాత ఆ వీధివాళ్ళు ఒకరిద్దరు నీడ పడుతుందనీ, రద్దీ పెరుగుతుందనీ కోపంగా చెప్పి కూర్చున్నారు. తర్వాత మేయర్ ఆయన పేరు పిలిచాడు, సగం తప్పుగా.

మైకు పక్కన చిన్న లైటు ఉంటుంది. ఆకుపచ్చగా ఉన్నంతసేపూ మాట్లాడొచ్చు, పసుపు వస్తే ముగించుకోవాలి, ఎరుపు వస్తే ఆపాలి. ఆయన మేయర్‌కి నమస్కారం చెప్పారు. కౌన్సిల్ సభ్యులకి వరసగా, పేరు పేరునా చెప్పారు. పక్కన టైప్ చేస్తున్న క్లర్కుకి, తలుపు దగ్గర నిలబడ్డ పోలీసుకి చెప్పారు. ఈ ఊరు తనకి ఉద్యోగమిచ్చినందుకు, ఈ ఊరి నీళ్ళు ఎప్పుడూ శుభ్రంగా ఉన్నందుకు, ఏటి ఒడ్డున బెంచీలు వేసినందుకు వందనాలన్నారు. ఇంతకాలం మమ్మల్ని తమ కప్పు కింద కూర్చోనిచ్చిన పాత చర్చివాళ్ళకి చెప్పారు. వింటున్నవాళ్ళలో ఒకామె నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. పసుపు లైటు వచ్చింది. ఇప్పుడు హాలు మాట ఎత్తుతారని నేను చీర కొంగు పిడికిట్లో పట్టుకుని చూస్తున్నాను. ఆయన బిల్డర్ లాయరువైపు తిరిగి, మా ఊళ్ళో ఇంత అందమైన భవనం కట్టాలనుకున్నందుకు మీకు కూడా నా వందనాలు అన్నారు. ఎరుపు వచ్చింది. ఆయన తలవంచి, వచ్చి కూర్చున్నారు.

"థాంక్యూ సర్. ఈ గదిలో ఇంత మంచి మాటలు విని చాలాకాలమైంది" అన్నాడు మేయర్. అందరూ చప్పట్లు కొట్టారు. బిల్డర్ లాయరు మరీ గట్టిగా కొట్టాడు.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అని మేయర్ అడిగాడు. మా వార్డు సభ్యురాలు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని మా వరసలవైపే చూస్తోంది. మేయర్ ఇంకోసారి అడిగాడు. నా పక్కన బ్యాంకు తమ్ముడి మోకాలు ఊగిపోతోంది, ఒళ్ళో ఫోన్లో పాయింట్లు తెరిచే ఉన్నాయి. మా ముందు ఆయన వీపు, మెడ మీద చెమట. తమ్ముడు ఫోన్ బోర్లా పెట్టేశాడు. మాలో ఒకరిద్దరు, పెద్దలు మాట్లాడాక ఇక ప్రార్థనే అన్న అలవాటు కొద్దీ తలలు కూడా వంచారు.

షరతులేమీ లేకుండా అనుమతి ఇచ్చేశారు. అక్కడ ఆరాధన చేసుకునే వలస కుటుంబాలు కూడా దీనికి మద్దతుగా రావడం సంతోషమని ఒక సభ్యుడు అన్నాడు. మా సభ్యురాలు మావైపు చూడ్డం మానేసి కాగితాలు సర్దుకుంది.

బయటికొచ్చాక మెట్ల మీద అందరం ఆయన చుట్టూ మూగి, "బాగా మాట్లాడారంకుల్" అన్నాం. ఎవరో "టైమ్ చాల్లేదు" అన్నారు. ఆ మాట మాకు దొరికింది. తర్వాత ఎవరడిగినా అదే చెప్పాం. మూడు నిమిషాలు ఏ మూలకి, నమస్కారాలకే సరిపోతుంది, ఈ దేశంలో అంతా తొందరే అన్నాం. చెప్పగా చెప్పగా మేమే నమ్మేశాం.

కొత్త చోటు హైవే దిగాక, ఒక టాక్స్ ఆఫీసుకీ గోళ్ళకి రంగులేసే షాపుకీ మధ్య దొరికింది. చెప్పులకి స్టాండు కొన్నారు, ఎవరి అరలో వాళ్ళు పెట్టుకుంటారు. ఆయనకి అక్కడ చేయడానికి పనేమీ లేదు. ఆయన్ని తీసుకురావడానికి వాట్సాప్‌లో వంతులు వేసుకున్నాం. మొదట్లో నేనంటే నేనని పోటీ పడ్డాం. తర్వాత ఎవరి పిల్లల సాకర్ వాళ్ళకొచ్చింది, ఎవరి ఆఫీసు ఆన్‌కాల్ డ్యూటీ వాళ్ళకొచ్చింది. పోయిరావడానికి సగం పూట పడుతుంది, డౌన్‌టౌన్‌లో ఆ డ్రమ్ముల మధ్య మలుపులు తిరగాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఒకరు మరిచిపోయారు. ఒకరు లింక్ పంపిస్తాం, ఇంట్లో కూర్చుని చూడండంకుల్ అన్నారు. ఆయన దానికీ థాంక్స్ చెప్పారు. ఎవరినీ ఏమీ అనాలని లేదు, అందరం అలిసిపోయినవాళ్ళమే. ఆదివారం ఒక్కటీ అందరికీ ఆదివారమే.

చివరికి నెలకోసారి, నా వంతు వచ్చినప్పుడే ఆయన చర్చికి వచ్చేవారు. పోయిన చలికాలం అలాంటి ఒక మధ్యాహ్నం ఆయన్ని ఇంటికి తీసుకెళ్తున్నాను. ఆ ఆరంతస్తుల భవనం ముందు సిగ్నల్ పడింది. లాయరు తెరమీద చూపించిన పూలు బాల్కనీల్లో ఎక్కడా లేవు, సైకిళ్ళున్నాయి. కింది అంతస్తులో హాలు కట్టారు. అద్దాల్లోంచి కనిపిస్తోంది, ఎవరో ఇద్దరు కుర్చీలు గోడకి చేరేసి యోగా చాపలు పరుస్తున్నారు. ఎంత బాగా కట్టారో అని ఇప్పుడంటారు, నేను ఊఁ కొట్టాలి అనుకుంటున్నాను. ఆయన అనలేదు.

"ఆ రోజు నాకు టైమ్ చాల్లేదని అందరూ అంటున్నారటమ్మా" అన్నారు.

"మరి మూడు నిమిషాలు ఏం చాలుతుందంకుల్."

"చాలింది. పసుపు లైటు చూశాను. హాలు మాట నాలుక మీదే ఉంది. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నానమ్మా. నువ్వేమనుకుంటున్నావయ్యా అని ఎవరూ అడగలేదు. మొట్టమొదటిసారి మైకిచ్చి, చెప్పమన్నారు. మొదటి మాటే, మీరు చేసేది బాలేదు, నాకిది కావాలి అని ఎలా అంటాను? నోరు రాలేదు."

నాకు కోపం వచ్చింది. ఆ మనిషి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. "అనాలంకుల్. అనడానికే పిలిచేది. వాళ్ళకి థాంక్స్ చెప్పే పని మీదా?" అన్నాను. అన్నాక ఆయన చేతులు చూశాను, ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఉన్నారు, దెబ్బలు తిన్న పిల్లాడిలా.

"తెలుసు. నా వల్ల కాదని అక్కడే తెలిసిపోయింది. అందుకే ఎర్ర లైటు పడగానే గబగబా వచ్చి కూర్చున్నాను. ఇంకెవరైనా ఉన్నారా అని ఆయన అడిగాడు కదా. మళ్ళీ కూడా అడిగాడు. నా వెనక ఇంతమంది ఉన్నారు, నాకంటే బాగా ఇంగ్లీషు వచ్చినవాళ్ళు. ఎవరో ఒకరు లేస్తారు అనుకున్నాను."

"మీరు మాట్లాడాక మేమెలా లేస్తాం అంకుల్?"

ఆయన నావైపు తిరిగారు. ఆ చూపు ఆనని కళ్ళతోనే నా ముఖం అంతా వెతికారు. ఈ సంగతి ఆయనకి ఇన్నాళ్ళూ తట్టనే లేదు. తను గబగబా ఎందుకు కూర్చున్నారో మాకు అర్థం కాలేదనుకున్నారే తప్ప, ఆయన పరువు కోసమే కూర్చుండిపోయామని ఆయనకెవరూ చెప్పలేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. నేను కారు కదిలించాను. ఇల్లు వచ్చాక ఆయన తలుపు తీసుకుని, ఒక కాలు కింద పెట్టి, అలాగే కూర్చుని అన్నారు.

"లేవాల్సిందమ్మా. నాకోసమైనా లేవాల్సింది."